సైకిల్‌కి సెలవు, కాళ్లకి కాకినాడ

పోయిన నెల ఈ పేజీలో కత్తిపూడి నుంచి ఒంగోలు దాకా సముద్రం పక్కపక్కనే వెళ్లే 216 నంబరు జాతీయ రహదారి గురించి రాశాను. తీరం వెంట సైకిల్ టూర్ చేయాలనుకునేవాళ్లకి నేను ముందు చెప్పే రోడ్డు అదేనని కూడా రాశాను. అప్పట్నుంచి వస్తున్న ఉత్తరాల్లో సగం కాకినాడ దగ్గరికొచ్చి ఆగిపోతున్నాయి. మా అమ్మమ్మగారి ఊరు కాబట్టి నాకూ సంతోషమే. ఈసారి టైర్లు, గేర్ల ప్రశ్నలు పక్కనపెట్టి కాకినాడ ఉత్తరాలకే జవాబులు.

ప్రశ్న: అక్కా, డిసెంబర్ చివర్లో ముగ్గురం ఫ్రెండ్స్ విశాఖ నుంచి బందరు దాకా సైకిళ్ల మీద వెళ్తున్నాం. మొదటి రోజు తుని, రెండో రోజు కాకినాడ, మూడో రోజు అక్కడే రెస్ట్. మావాడొకడు ఆ రోజు ఆటో మాట్లాడుకుని అన్నవరం, ఉప్పాడ, కోరంగి, హోప్ ఐలాండ్ నాలుగూ కొట్టేద్దామంటున్నాడు. నాకేమో ఊళ్లోనే కాస్త నడవాలని ఉంది. "కాకినాడలో నడిచి చూడ్డానికి ఏముందిరా" అని వాడి ఎగతాళి. మీరే తీర్పు చెప్పండి.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: తమ్ముడూ, మీవాడికి మ్యాప్ చూపించు. వాడు చెప్పిన నాలుగిట్లో మూడు మీ దారిలోనే ఉన్నాయి, వాటికోసం మళ్లీ ఆటో ఎందుకు? తునిలో పొద్దున్నే బయల్దేరితే గంట తిరక్కుండానే అన్నవరం వస్తుంది. కొండకింద ఒకరు సైకిళ్ల దగ్గర ఉంటే మిగతా ఇద్దరూ దర్శనం చేసుకుని రావచ్చు, ప్రసాదం ఆకు పొట్లం జేబులో పెట్టుకుని ముందుకెళ్లొచ్చు. (ఆ గోధుమరవ్వ ప్రసాదం ముందు ఏ ఎనర్జీ బారూ పనికిరాదు, ఇది నా సొంత అనుభవం.) పిఠాపురం వచ్చాక తిన్నగా కాకినాడ పోకుండా ఎడమకి తిరిగితే ఉప్పాడ. జామ్దానీ మగ్గాలు చూసుకుని, అక్కణ్నుంచి బీచ్ రోడ్డు మీద సముద్రాన్ని ఎడమచేతి పక్కన పెట్టుకుని కాకినాడలోకి దిగండి. ఆ రోడ్డుని సముద్రం ప్రతి తుఫానుకీ కాస్త కాస్త తింటూనే ఉంటుంది, అందుకని బయల్దేరేముందు పిఠాపురంలో ఏ టీ కొట్టులోనైనా "బీచ్ రోడ్డు బావుందాండీ" అని ఒక్కమాట అడగండి. కోరంగి మడ అడవి నాలుగో రోజు మీరు యానాం వైపు వెళ్లేటప్పుడు రోడ్డు పక్కనే తగులుతుంది. మరీ తెల్లారగట్ల బయల్దేరితే గేటు తెరవకముందే దాటేస్తారు, ఆ ఒక్కరోజు కాస్త ఆలస్యంగా లేవండి.

ఇక మిగిలింది హోప్ ఐలాండ్. పడవ ఎప్పుడు బయల్దేరుతుందో గాలిని బట్టి, జనాన్ని బట్టి ఉంటుంది. రెండు రోజులు తొక్కి తొక్కి వచ్చినవాళ్లు రేవులో ఎండలో కూర్చుని పడవ కోసం ఎదురుచూస్తే దాన్ని రెస్ట్ అనరు. దానికోసం ఇంకోసారి రండి, జనవరి నుంచి మార్చి మధ్య వస్తే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఆ ఇసుకలోకి గుడ్లు పెట్టడానికొచ్చే కాలం కూడాను.

కాబట్టి తీర్పు నీకే. సైకిల్‌కి తాళం వెయ్, నడువు.

ఎక్కడ నడవాలంటే మాత్రం బీచ్‌లో కాదు. కాకినాడ వచ్చినవాళ్లందరూ చేసే పొరపాటు అదే, హార్బర్ ఊరు కదా అని నేరుగా బీచ్‌కి పోయి, పార్కులో ఫొటో దిగి, "ఇంతేనా" అంటారు. ఈ ఊరు సముద్రానికి ఎదురుగా కూర్చున్న ఊరు కాదు, ఉప్పుటేరు పక్కన ఒద్దికగా కూర్చున్న ఊరు. ఉప్పుటేరు పట్టుకుని నడిస్తేనే ఇది హార్బర్ అని అర్థమవుతుంది.

తెల్లారి అయిదున్నరకల్లా చేపలు దిగే రేవుకి వెళ్లండి. కుంభాభిషేకం రేవు అంటే ఏ ఆటోవాడైనా తీసుకెళ్తాడు, పొద్దున్నే అంతదూరం నడవొద్దు, వెళ్లేటప్పుడు ఆటో, వచ్చేటప్పుడు నడక. అక్కడ చూడాల్సింది పడవల్ని కాదు, వేలంపాటని. తట్టలో చేపలు కుమ్మరించగానే చుట్టూ జనం మూగుతారు, ఎవరు ఎంతన్నారో మనకి వినపడదు, ఒకాయన ఏదో జపం చదువుతున్నట్టు అంకెలు చదువుకుంటూ పోతాడు, హఠాత్తుగా ఆపేస్తాడు, అంతే, తట్ట ఎవరిదో తేలిపోతుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ గుంపులోకి తల దూర్చి చూస్తుంటే, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నిలబడ్డ ఒక పెద్దావిడ నన్ను పైనుంచి కిందకి చూసి "కొనడానికొచ్చేవా, సూడ్డానికొచ్చేవా?" అంది. చూడ్డానికే అన్నాను. "అయితే ఎనక్కి జరుగమ్మా, తట్టలొత్తన్నాయి" అంది. అప్పట్నుంచి నేను ఏ రేవుకెళ్లినా వెనక్కే నిలబడతాను, అక్కణ్నుంచే బాగా కనిపిస్తుంది కూడాను.

చేపల పేర్లు అడిగి తెలుసుకోండి, సిగ్గుపడొద్దు. వంజరం, చందువా అందరికీ తెలుసు. కానాగంతలు, కవ్వళ్లు, నెత్తళ్లు, గులివిందలు, బెల్టులాగా పొడుగ్గా వెండిరంగులో మెరిసే సావడాలు, వీటిని చూపిస్తూ పేరు చెప్పడానికి అక్కడ ప్రతివాళ్లకీ సరదాయే. పులస మాత్రం అడక్కండి. అది వానాకాలంలో గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఎదురీదుకుంటూ వచ్చేది, డిసెంబర్‌లో పులస అని ఎవరైనా అమ్మితే నవ్వి ఊరుకోండి.

అక్కణ్నుంచి ఉప్పుటేరు గట్టు పట్టుకుని జగన్నాథపురం వంతెన వైపు నడుచుకుంటూ రండి. ఇక్కడ తొందర వద్దు. నీళ్లలో బార్జీలు, అంటే ఓడలకి సరుకు చేరేసే పెద్ద పడవలు, బారులు తీరి ఉంటాయి, కొన్ని తుప్పుపట్టి, కొన్ని కొత్త రంగుతో. లారీల్లోంచి బియ్యం బస్తాలు బార్జీల్లోకి దిగుతుంటాయి. హమాలీ వీపుమీద బస్తా వేసుకుని, గట్టుకీ బార్జీకీ మధ్య వేసిన చెక్క మీద నడుస్తాడు, ఆ చెక్క అతని అడుగుకి ఒకసారి కిందకి వంగుతుంది, వంగి లేచే సమయానికే రెండో అడుగు పడాలి, లేకపోతే తూలిపోతాడు. ఆ లెక్క అతని కాలికి తెలుసు. మనం ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ మీద లయ దొరకడం గురించి గొప్పగా మాట్లాడుకుంటాం కదా, అక్కడ పది నిమిషాలు నిలబడి చూస్తే నోరు మూతపడుతుంది. కింద రాలిన గింజల కోసం పావురాలు, పావురాల మధ్య చీపురు పట్టుకుని ఒక ముసలమ్మ. గాలంతా ఉప్పుడు బియ్యం వాసన, ఎండుచేపల వాసన, డీజిల్ వాసన కలిసి ఉంటుంది. నాకది అమ్మమ్మ ఇంటి వాసన, మీకెలా ఉంటుందో చెప్పలేను.

వంతెన మీద మధ్యలో ఆగండి. ట్రాఫిక్ హారన్లు పట్టించుకోకండి. అవతలి గట్టు జగన్నాథపురం, డచ్చివాళ్లు బట్టల వ్యాపారం చేసుకున్న చోటు. 1825లో వాళ్లు దాన్ని ఇంగ్లీషువాళ్లకి అప్పజెప్పి వెళ్లిపోయారు. ఇవతలిది కాకినాడ, ఇంగ్లీషువాళ్ల నోట్లో పడి కోకనాడ అయింది. ఊరి పేరు ఎప్పుడో సరిదిద్దుకున్నాం గానీ రైల్వేవాళ్లు మాత్రం ఇంకా వదల్లేదు. కాకినాడ టౌన్ స్టేషన్ కోడ్ చూడండి, సీసీటీ, అందులో మొదటి రెండు సీలూ కోకనాడవే. పోర్ట్ స్టేషన్‌ది సీఓఏ.

తర్వాత మెయిన్ రోడ్డులోకి వచ్చి ఎక్కడైనా పెసరట్టు ఉప్మా తిని లాడ్జికి పోయి పడుకోండి. పడుకోవడం కూడా ప్లాన్‌లో భాగమే, మధ్యాహ్నం ఎండలో తిరగొద్దు. లేచాక భోజనం సుబ్బయ్యగారి హోటల్లో, బుట్టభోజనం గురించి ఈపాటికే విని ఉంటారు, సైకిల్ తొక్కేవాళ్ల ఆకలికి అది సరిగ్గా కుదురుతుంది. కాకపోతే అది తిన్నాక నడుద్దామనుకుంటే మాత్రం జరగని పని. సాయంత్రం గాంధీనగర్ వీధుల్లో తిరగండి. ఎటు తిరిగినా రోడ్లు గళ్లనోటుపుస్తకంలో గీతల్లా ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ పోతాయి, తప్పిపోవడం కష్టం. రిటైరైనవాళ్లు ఈ ఊరు వదిలి కదలరెందుకో ఆ వీధుల్లో తెలుస్తుంది.

ఒక మాట. పోర్టు గేట్లలోకి వెళ్లనివ్వరు, సెక్యూరిటీవాళ్లతో వాదన పెట్టుకోకండి. 1923లో కాంగ్రెస్ మహాసభ ఇక్కడే జరిగింది, మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. అప్పుడు ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్ల టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది, టికెట్టు కొన్నాకే లోపలికి పంపింది. ఆ పిల్లే తర్వాత దుర్గాబాయి దేశ్‌ముఖ్. నెహ్రూనే ఆపిన ఊళ్లో మనమెంత.

ప్రశ్న: మేడమ్, మేం సంక్రాంతికి కాకినాడ వెళ్లాం. హార్బర్ అంటే ఒడ్డునే పెద్ద పెద్ద షిప్పులు ఉంటాయనుకున్నాం. బీచ్‌లో నిలబడితే ఎక్కడో దూరంగా అగ్గిపెట్టెల్లా నాలుగు కనపడ్డాయి. పిల్లలు నిరాశపడ్డారు. అవి ఒడ్డుకి ఎందుకు రావు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్ (ఉప్పల్)

జవాబు: గోదావరి రానివ్వదమ్మా. మాట వరసకి కాదు, నిజంగానే. గోదావరి తెచ్చే ఒండ్రు అంతా సముద్రంలో కలిసేచోట మేట వేస్తుంది. కాకినాడ పక్కనున్న ఆ సముద్రం చాలామేరకు లోతులేని మడుగులాంటిది. పెద్ద ఓడ అడుగు నేలకి తగలకుండా నిలబడాలంటే దూరంగానే లంగరు వేయాలి. అందుకని ఇక్కడ వందల ఏళ్లుగా పద్ధతి ఒక్కటే, ఓడ దగ్గరికి సరుకే వెళ్తుంది. మీరు ఉప్పుటేరు గట్టున నిలబడి ఉంటే చూసేవారు, బియ్యం బస్తాలతో నిండిన బార్జీ మెల్లగా ఏటి మూతి దాటి ఆ అగ్గిపెట్టె పక్కకి చేరుతుంది, ఓడ మీది క్రేన్లు బస్తాలు పైకి లాక్కుంటాయి. దీన్నే యాంకరేజ్ పోర్టు అంటారు. మన దేశం నుంచి ఆఫ్రికా దేశాలకి పోయే బియ్యంలో చాలా వాటా ఇలా బార్జీలెక్కే వెళ్తుంది. పెద్ద ఓడలు గట్టుకే ఆనుకునే లోతైన రేవు కూడా 1990ల చివర్లో కట్టారు, కానీ అది కంచె లోపల ఉంది కాబట్టి మీకు కనపడి ఉండదు.

ఏటి మూతి అన్నాను కదా, అక్కడి పేట పేరే ఏటిమొగ. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ఆ చుట్టుపక్కల గాడిమొగ కూడా ఉంది. మనవాళ్లు ఊళ్లకి పేర్లు పెట్టేటప్పుడు మ్యాపు గీసినట్టే పెట్టేవారు.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను, ఏమనుకోకండి. ఈ ఒండ్రు ఒక రేవుని చంపింది, ఇంకో రేవుని కాపాడుతోంది. చంపింది కోరంగిని. ఇప్పుడు మడ అడవి చూడ్డానికి వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు, ఓడలు కట్టే చోటు, దెబ్బతిన్న ఓడలు మరమ్మతు చేయించుకునే చోటు. 1789లో ఒకసారి, 1839లో ఇంకోసారి తుఫాను ఉప్పెన మీద పడింది. వీటి గురించి రాసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన కలకత్తాలో ఉండేవాడు, ఇలాంటి గాలివానల్ని చదివి చదివి 1840ల్లో వాటికి సైక్లోన్ అని పేరు పెట్టింది ఆయనే, చుట్టచుట్టుకున్న పాము అనే అర్థం వచ్చే గ్రీకు మాటలోంచి తీసి. ఈ రోజు టీవీలో ఆ మాట విన్నప్పుడల్లా దాని వెనక మన కోరంగి ఉందని గుర్తుపెట్టుకోండి. తుఫానులు కొట్టాక మిగిలిన పని ఒండ్రు పూర్తిచేసింది, లోతు పోయింది, ఓడలు కాకినాడ వైపు జరిగాయి.

కాపాడుతోంది కాకినాడని. మీరు బీచ్‌లో నిలబడ్డప్పుడు ఆ ఓడల వెనక సన్నగా ఒక గీత కనపడలేదూ? అదే హోప్ ఐలాండ్. దాదాపు 16 కిలోమీటర్ల పొడుగున్న ఇసుక దిబ్బ, గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరిగిందే. బంగాళాఖాతం నుంచి వచ్చే అలల్ని ముందుగా అదే అడ్డుకుంటుంది, అందుకే లోపల నీళ్లు చెరువులా ఉంటాయి, బార్జీలు భయం లేకుండా తిరుగుతాయి. ఆ దిబ్బ చాటు లేని ఉప్పాడ దగ్గర సముద్రం ఇళ్లనీ రోడ్డునీ ఎలా కోసేస్తోందో చూస్తే తేడా తెలుస్తుంది, మధ్యలో ఉన్నది పట్టుమని గంట సైకిల్ దూరం.

కోరంగి పేరు మాత్రం చావలేదు, బర్మా వెళ్లి బతికింది. మనవాళ్లు ఈ రేవుల్లోంచే ఓడెక్కి రంగూన్ వెళ్లేవారు, పెద్దవాళ్లు దాన్ని రంగం అనేవారు. మా తాతయ్యగారి అన్న కూడా "రంగం పోయి" 1942లో యుద్ధమప్పుడు కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచి వచ్చాడట. అక్కడివాళ్లు తెలుగువాళ్లందరినీ కొరంగీలు అని పిలిచేవారు. మర్యాదగా కాదులెండి.

పిల్లలకి నిరాశ అన్నారు కదా, ఈసారి వాళ్లని జగన్నాథపురం వంతెన మీద నిలబెట్టి బార్జీలు లెక్కపెట్టమనండి.

ప్రశ్న: రెస్ట్ డే అంటే పూర్తిగా పడుకోవాలి కదా, మీరేమో నడవమంటారు. రెండు రోజుల్లో 160 కిలోమీటర్లు తొక్కాక మళ్లీ నడిస్తే మోకాళ్లు ఏం కావాలి?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: రోజంతా మంచం మీద ఉండి చూడండి, మర్నాడు సైకిలెక్కితే తొడలు కర్రల్లా ఉంటాయి. మెల్లగా నడిస్తే కాళ్లలో రక్తం ఆడుతుంది, బిగుసుకుపోరు. కానీ మెల్లగా అంటే మెల్లగానే, ఊళ్లో పిల్లలు మనల్ని దాటి వెళ్లిపోయేంత మెల్లగా. పొద్దున మూడు కిలోమీటర్లు, సాయంత్రం రెండు, మధ్యలో నిద్ర. సైకిల్ తొక్కే గట్టి అట్టల బూట్లతో కాదు, మెత్తటి చెప్పులతో. అయితే మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప దగ్గర పోటు వస్తోందంటే అది అలసట కాదు, ఆ రోజు నడకా వద్దు, సీటు ఎత్తు చూసుకోండి, చాలాసార్లు సీటు కిందకి ఉండటమే కారణం. తగ్గకపోతే డాక్టరు దగ్గరికి. కూర్చునే చోట ఒరుసుకుపోయినవాళ్లు రెస్ట్ రోజున వదులుగా ఉండే బట్టలు వేసుకోవాలి, లుంగీ కంటే మంచిది లేదు, చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ప్రశ్న: అక్కా, నేను ఒక్కదాన్నే వెళ్దామనుకుంటున్నా. తెల్లారగట్ల ఫిషింగ్ హార్బర్‌కి ఒంటరిగా వెళ్లొచ్చా? ఇంట్లో అమ్మకి చాలా టెన్షన్.
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: వెళ్లొచ్చు. అమ్మకి ఒక్క సంగతి చెప్పు, ఆ వేళప్పుడు రేవులో కొనేవాళ్లలో, మోసేవాళ్లలో, బేరమాడేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. నేను చాలాసార్లు ఒక్కదాన్నే వెళ్లాను. చీకట్లో నడవకు, లాడ్జివాళ్లని అడిగి తెలిసిన ఆటో పిలిపించుకో, వెలుతురు వచ్చాక తిరిగి నడువు. వెళ్లగానే ఫోన్ తీసి మొహాల మీద పెట్టకు, ముందు టీ తాగు, పక్కనున్నావిడని పలకరించు, ఆ తర్వాత అడిగి ఫొటో తీసుకో. అడిగితే వద్దనరు, అడక్కపోతే తిడతారు, ఆ తిట్లు చాలా బావుంటాయి గానీ మనకి పడకపోవడమే మంచిది. నేల అంతా నీళ్లూ పొలుసులూ, జారని చెప్పులు వేసుకో. మొబైల్, కాస్త డబ్బు తప్ప ఏమీ తీసుకెళ్లకు.

లాడ్జి విషయంలో మాత్రం జాగ్రత్త. బుక్ చేసేముందే ఫోన్ చేసి "సైకిల్ గదిలో పెట్టుకుంటాను" అని అడిగి ఒప్పించుకో, వీలైతే కింది అంతస్తు గది. ఒకసారి నేను అడక్కుండా దిగాను, ఆ లాడ్జిలో గదిలోకి తేనివ్వలేదు, వాచ్‌మన్ ఉన్నాడు కదమ్మా అన్నారు. పొద్దున్నే చూస్తే సైకిల్ ఉంది, ముందు లైటూ గంటా లేవు. వాచ్‌మన్ కూడా ఉన్నాడు, నిద్రపోతూ.

ప్రశ్న: డిసెంబర్ కాకుండా వేసవి సెలవల్లో వస్తే?
– ఒక టీచర్, సామర్లకోట

జవాబు: ఎండ సంగతి మీకు నేను చెప్పాలా మాస్టారూ. అదీగాక ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో మరబోట్లు వేటకి వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు నిషేధం. బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి, పాట సందడి ఉండదు. వలలు అల్లుకోవడం, బోట్లకి రంగులేయడం చూడాలనుకుంటే మాత్రం అప్పుడే రావాలి. చలికాలంలో ఇంకో లాభం కూడా ఉంది, గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి విశాఖ వైపు నుంచి కిందకి తొక్కేవాళ్లని వెనకనుంచి తోస్తుంది. బందరు నుంచి పైకి తొక్కేవాళ్లకి అదే గాలి ఎదురు, వాళ్ల ఉత్తరాలు నాకు వేరేగా వస్తుంటాయి, అందులో తిట్లు ఎక్కువ. తేగలు కూడా చలికాలంలోనే. కాల్చిన తేగలు నాలుగు జేబులో ఉంటే యానాం దాకా ఆకలి గుర్తురాదు.

ప్రశ్న: సముద్రగాలికి చైన్ ఎర్రగా తుప్పు పట్టింది. కొబ్బరినూనె రాయొచ్చా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: కోనసీమవాళ్లు కాబట్టి ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. వద్దు. చలికి గడ్డకడుతుంది, ఇసుకని పట్టుకుని వదలదు. రెస్ట్ రోజున పావుగంట చాలు, తడిగుడ్డతో సైకిలంతా తుడవండి, ఉప్పు పోవాలి, అది ముఖ్యం. ఆ తర్వాత చైన్ని కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక ఒక్కో లింకుకీ ఒక్కో చుక్క చైన్ ఆయిల్. అది దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె, రెండు రోజులు నెట్టుకురావచ్చు. పైపైన కారుతున్నదంతా తుడిచేయండి. బ్రేకుల మీద నూనె పడనివ్వకండి, ఎదుర్లంక వంతెన దిగుతున్నప్పుడు ఆ సంగతి తెలిసి లాభం లేదు.

ప్రశ్న: కాకినాడ కాజా ఎన్ని కిలోలు మోసుకెళ్లొచ్చు?
– గాజువాక పాఠకుడి స్నేహితుడు (ఆటో ప్లాన్ నాదే)

జవాబు: నువ్వేనా! మోసుకెళ్లొద్దు బాబూ. తాపేశ్వరం మడతకాజా అయితే వేరే సంగతి, ఇక్కడిది గొట్టం కాజా, కొరికితే లోపలున్న పాకం గడ్డం దాకా వస్తుంది. పావుకిలో కొని అక్కడే ముగ్గురూ నిలబడి తినేయండి, ఇంటికి పార్సిల్ పంపించండి. నేను ఒకసారి తెలివిగా కిలో డబ్బా వెనక బ్యాగులో పెట్టుకుని బయల్దేరాను. తాళ్లరేవు దాటేసరికి పాకం డబ్బా మూతలోంచి కారి రెయిన్‌కోటుకి అంటుకుంది, యానాంలో టీకి ఆగి బ్యాగు విప్పితే నాకంటే ముందే చీమలు తింటున్నాయి.